ప్రశ్నల నిధి నుంచి మంత్రి పీఠం దాకా

పాఠం చెప్పేవారి చేతిలోని ఎర్ర సిరా కలానికి ఎంత బలముందో తల్లిదండ్రులందరికీ తెలుసు. పిల్లవాడు చేసిన లెక్క తప్పయితే దాని మీద అడ్డగీత పడుతుంది. మార్కు తగ్గుతుంది. ఆ నోటుపుస్తకం ఇంటికి వస్తే అబ్బా కోప్పడతాడు, అమ్మీ బాధపడుతుంది. కానీ ఆ లెక్క ఏ మెట్టు దగ్గర దారి తప్పింది, ఎందుకు తప్పింది అన్న సంగతి మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మేము కూడా ఈ లోపానికి అతీతులం కాము. తరగతిలో పిల్లలు ఎక్కువ, సమయం తక్కువ. అడ్డగీత గీయడం తేలిక, దారి చూపడం కష్టం.

ఈ కష్టమైన పనినే తన వృత్తిగా మలచుకుని, అందులోనే అపారమైన సంపద గడించి, ఆపైన దేశ ప్రభుత్వంలో సమాచార ప్రసార సాధనాల శాఖకు సహాయ మంత్రి అయిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన పేరు డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్. ఆయన కథను ఈ వారం పాఠకుల ముందు పెట్టడానికి కారణం ఆయన ఐశ్వర్యం కాదు, ఆయన పార్టీ అంతకన్నా కాదు. ఆ కథలో మన పిల్లల చదువుకు, మన ఇల్లందు అడవి పల్లెలకు సంబంధించిన ఒక ప్రశ్న దాగి ఉంది. ఆ ప్రశ్న కోసమే ఈ వ్యాసం.

బుర్రిపాలెం నుంచి అమెరికా వరకు

గుంటూరు జిల్లా తెనాలి దగ్గర బుర్రిపాలెం అనే ఊరు ఉంది. సినీనటుడు కృష్ణ పుట్టిన ఊరుగా అది తెలుగువారందరికీ పరిచయమే. చంద్రశేఖర్ 1976లో ఆ ఊళ్ళోనే జన్మించారు. ఎంసెట్‌లో 27వ ర్యాంకు సాధించి హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో చేరారు. ఎం.బి.బి.ఎస్. పూర్తయ్యాక అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గైసింగర్ వైద్య కేంద్రంలో ఎం.డి. శిక్షణ పొందారు.

పరాయి దేశంలో చదివిన వైద్యుడు అమెరికాలో వైద్యం చేయాలంటే యు.ఎస్.ఎం.ఎల్.ఇ. అనే పరీక్షలు దాటాలి. ఇది ఒక్క పరీక్ష కాదు, మూడు మెట్లు. అందులో మొదటి మెట్టే దాదాపు ఒక పూర్తి రోజు పడుతుంది. ఎదుట కంప్యూటరు ఉంటుంది. దాని తెర మీద ఒక రోగి కథ కనిపిస్తుంది: వయసు ఇంత, జ్వరం ఇన్ని రోజులు, రక్తపరీక్షలో ఇలా తేలింది. కింద నాలుగైదు జవాబులు ఉంటాయి. అన్నీ సరైనవిగానే కనిపిస్తాయి, నిజానికి సరైనది ఒక్కటే. పుస్తకం కంఠస్థం చేసినవాడు ఇక్కడ తికమక పడతాడు. విషయం అర్థం చేసుకున్నవాడే గట్టెక్కుతాడు.

చంద్రశేఖర్ ఈ పరీక్షల బాధ స్వయంగా పడినవారు. తాను సిద్ధమవుతూ కూడబెట్టిన విషయాన్ని మిగతా అభ్యర్థులకు కూడా అందించాలన్న ఆలోచన నుంచి 2003లో ఒక సంస్థ పుట్టింది. అదే తరువాత యూవరల్డ్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. వైద్య పరీక్షలతో మొదలై, నర్సులు, ఫార్మసిస్టులు, అకౌంటెంట్లు, న్యాయవాదులు రాసే పరీక్షల వరకు అది విస్తరించింది. నేడు అమెరికాలో వైద్యం చేయాలనుకునే విద్యార్థికి, అతడు హైదరాబాదువాడైనా, కరాచీవాడైనా, కైరోవాడైనా, ఈ పేరు తెలియకుండా ఉండదు.

తప్పు దగ్గర ఆగి చెప్పిన పాఠం

ఈ సంస్థ అమ్మిన వస్తువు ఏమిటి? పుస్తకం కాదు, ఉపన్యాసమూ కాదు. అది ఒక ప్రశ్నల నిధి. వేల సంఖ్యలో ప్రశ్నలు, అసలు పరీక్షలో ఎలా ఉంటాయో అలాగే కంప్యూటరు తెర మీద ఉంటాయి. విద్యార్థి ఒక జవాబు గుర్తు పెడతాడు. అసలు పాఠం అప్పుడు మొదలవుతుంది. సరైన జవాబు ఎందుకు సరైనదో వివరం వస్తుంది. అంతటితో ఆగదు. మిగతా జవాబులు ఒక్కొక్కటి ఎందుకు తప్పో కూడా బొమ్మలతో, పట్టికలతో చెబుతుంది. నీలాగే మరెంత శాతం మంది ఈ తప్పు జవాబునే ఎంచుకున్నారో కూడా చూపిస్తుంది. తాను ఒక్కడే అజ్ఞానిని కాదని తెలిసినప్పుడు విద్యార్థి మనసు తేలికపడుతుంది, తిరిగి పుస్తకం పడతాడు.

మా వంటి మదరసా విద్యార్థులకు ఈ పద్ధతి పూర్తిగా కొత్తదేమీ కాదు. మా చదువులో మూడు అంచెలు ఉండేవి. రేపటి పాఠాన్ని ముందుగా సొంతంగా చదువుకోవడం ముతాలా. ఉస్తాద్ సమక్షంలో వినడం దర్స్. ఆ సాయంత్రం విద్యార్థులు గుండ్రంగా కూర్చుని, ఒకరు చెబుతుంటే మిగతావారు ప్రశ్నలతో నిలదీయడం తక్రార్. పాఠం నిజంగా మనసుకెక్కేది ఆ మూడో అంచెలోనే. ఎందుకంటే అక్కడ తప్పు చెబితే తోటివాడు వదిలిపెట్టడు, "ఎలా?" అని అడుగుతాడు. చాప మీద కూర్చుని పదిమంది చేసే ఆ పనిని కంప్యూటరు సహాయంతో లక్షలమందికి అందించడమే ఈ డాక్టరు గారి వ్యాపార రహస్యం అని మేము భావిస్తున్నాము.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చంద్రశేఖర్ కంప్యూటరు శాస్త్రవేత్త కారు, వైద్యుడు. కంప్యూటరును ఆయన కనిపెట్టలేదు, పనిముట్టుగా వాడుకున్నారు. కంప్యూటరు శాస్త్రంలోనే శిఖరం ఎక్కిన తెలుగువారు వేరే ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చేసే పరిశోధనకు ఆద్యులలో ఒకరు. 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. 1999 నుంచి 2001 వరకు అమెరికా అధ్యక్షుని సమాచార సాంకేతిక సలహా సంఘానికి సహాధ్యక్షులుగా ఉన్నారు. అయితే ఆయన సలహాదారు స్థానంలోనే ఉన్నారు, మంత్రి పదవిలోకి రాలేదు. సలహా చెప్పినవాడిని జనం నిలదీయరు. మంత్రి పదవి అలాంటిది కాదు. చంద్రశేఖర్ ఆ రెండో దారి ఎంచుకున్నారు.

ఈ దారిలో నడిచినవారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. బంగ్లాదేశ్‌లో ముస్తఫా జబ్బార్ 1988లో బెంగాలీ అక్షరాలను కంప్యూటరులో టైపు చేసేందుకు 'బిజొయ్' అనే కీబోర్డు తెచ్చారు. ముప్పై ఏళ్ళ తరువాత, 2018 జనవరిలో, అదే దేశానికి తపాలా, టెలికాం, సమాచార సాంకేతిక మంత్రి అయ్యారు. ఏదో ఒక చిన్న చిక్కును తన చేతులతో విప్పినవాడికి పెద్ద చిక్కును అప్పగించడం అన్నమాట.

తరాజు మారింది

2024 లోక్‌సభ ఎన్నికలలో చంద్రశేఖర్ తెలుగుదేశం అభ్యర్థిగా గుంటూరు నుంచి పోటీ చేశారు. నామినేషనుతో ఇచ్చిన ప్రమాణపత్రంలో కుటుంబ ఆస్తి సుమారు 5,700 కోట్ల రూపాయలని చూపించారు. ఆ ఎన్నికలలో దేశం మొత్తం మీద అత్యంత సంపన్న అభ్యర్థి ఆయనేనని పత్రికలు రాశాయి. 3,44,695 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. జూన్ 9న కేంద్రంలో సహాయ మంత్రిగా ప్రమాణం చేశారు. గ్రామీణాభివృద్ధి, సమాచార ప్రసార సాధనాలు అనే రెండు శాఖలు అప్పగించారు. తపాలా, టెలిఫోను, ఇంటర్నెట్టు ఈ రెండో శాఖ కిందికే వస్తాయి.

సహాయ మంత్రి అంటే ఆ శాఖలో కడపటి మాట ఆయనది కాదు, అది కేబినెట్ మంత్రిది. దేశంలోని మంచి అంతా ఆయన చేసిందే అనడం, చెడు అంతా ఆయన నెత్తిన వేయడం రెండూ న్యాయం కాదు. అయినా ఒక సంగతి ఆలోచించదగినది. వ్యాపారి కొలమానం వేరు, మంత్రి కొలమానం వేరు.

ప్రశ్నల నిధిని అమ్మే సంస్థ ఎవరికి జవాబుదారీ? వందల డాలర్ల చందా కట్టిన విద్యార్థికి. కట్టలేనివాడు దాని ఖాతాలోనే ఉండడు. ఇందులో దోషమేమీ లేదు, హలాల్ వ్యాపారం అలాగే జరుగుతుంది. కానీ మంత్రి కుర్చీలో కూర్చున్న క్షణం నుంచి తరాజు మారిపోతుంది. చందా కట్టలేని పిల్లవాడే మొదటి లెక్కలోకి వస్తాడు. టవరు పెడితే లాభం రాని పల్లెయే మొదటి ప్రశ్న అవుతుంది. మన పెద్దలు పదవిని అమానత్ అన్నది ఇందుకే. అమానత్ అంటే మన దగ్గర దాచమని ఇచ్చిన ఇతరుల సొమ్ము. దాన్ని ఎంత బాగా ఖర్చు చేశామని కాదు, ఎవరిదో వారికి చేర్చామా లేదా అన్నదే లెక్క.

ఇల్లందు నుంచి చూస్తే

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఇల్లందును పాతవారు బొగ్గుట్ట అంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు నిల్వలను గుర్తించారు. 1889లో ఇక్కడే తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే కంపెనీకి వచ్చింది. ఇక్కడి బొగ్గు రైళ్ళను నడిపింది, మిల్లులను నడిపింది, దూర దూర పట్నాలకు వెలుగునిచ్చింది. ఆ గనులలో పని కోసం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. వారిలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి.

నూట ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడి నుంచి బయటికి వెలుగు వెళ్ళింది. మరి బయటి నుంచి ఇక్కడికి ఏం వచ్చింది? ఈ ప్రశ్న మమ్మల్ని మొదటిసారి గట్టిగా తాకింది 2020లో, కరోనా రోజులలో. బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. మా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి తల్లి అప్పుడు మా ఇంటికి వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు.

"మౌల్వీసాబ్, ఇంట్లో ఒక్కటే ఫోను. పొద్దున ఆయన ఆటో తీసుకుని పోతే దాంతోపాటే ఫోనూ పోతది. పిల్ల రాత్రి పది దాకా ఆగాలె. పదింటికి సిగ్నల్ ఉంటే నెట్ ఉండదు, నెట్ ఉంటే పిల్ల నిద్రపోతది" అంది.

"టీవీలో పాఠాలు వస్తున్నాయి కదా, బేటా?" అని అమ్మాయిని అడిగాము.

తలవంచుకుని, "వస్తున్నయి ఉస్తాద్‌జీ. సార్ మంచిగనే చెప్తడు. కానీ నాకు అర్థం కాలేదంటే టీవీ వినదు కద" అంది.

ఆ పిల్ల మాట మాకు ఇప్పటికీ గుర్తే. చెప్పడం వేరు, తప్పు దగ్గర ఆగి మళ్ళీ చెప్పడం వేరు అని చంద్రశేఖర్ గారికి కోట్లు తెచ్చిపెట్టిన సూత్రాన్ని ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది. ఇది పట్నంలో ఉన్న పిల్ల సంగతి. గుండాల వైపు అడవిలోని కోయ పల్లెల పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోను ఉన్నా మాట కలవాలంటే గుట్ట ఎక్కవలసిన చోట్లు ఉండేవి.

అడవి పల్లెకు సిగ్నల్ అందడం ఎందుకు కష్టం? గుట్టలు, దట్టమైన చెట్లు తరంగాలకు అడ్డు. టవరుకు కరెంటు కావాలి, దాకా కేబుల్ రావాలి, అటవీ భూమికి అనుమతి కావాలి. ఇన్నీ చేసి టవరు నిలబెడితే రీఛార్జి చేసేవారు కొద్దిమందే. అందుకే ప్రైవేటు కంపెనీ అటు చూడదు. ఈ లోటు తీర్చడానికే 2002లో ఒక నిధి ఏర్పడింది. టెలిఫోను కంపెనీలు తమ రాబడిలో ఐదు శాతం ఈ లెక్కన ప్రభుత్వానికి కట్టాలి. 2023 నాటి టెలికాం చట్టం తరువాత దీనికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. మనం రీఛార్జి చేసే సొమ్ములోంచే కంపెనీల రాబడి, ఆ రాబడిలోంచే ఈ నిధి. కాబట్టి అడవి పల్లెకు టవరు వస్తే అది ఎవరి దయా కాదు, ఆ పల్లె హక్కు.

పథకాలు లేకపోలేదు. పంచాయతీలకు ఆప్టికల్ కేబుల్ వేసే పథకానికి 2011లోనే ఆమోదం లభించింది, తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు నాలుగో తరం సేవలు అందించేందుకు 2022 జులైలో 26,316 కోట్ల రూపాయలతో మరో పథకం వచ్చింది. 2025 సెప్టెంబరు 27న స్వదేశీ పరిజ్ఞానంతో నిర్మించిన సుమారు 97,500 టవర్లను జాతికి అంకితం చేశారు. అంకెలు పెద్దవే. కానీ టవరు నిలబడటం ఒక మెట్టు మాత్రమే. వర్షాకాలంలో కరెంటు పోయినా అది పనిచేయాలి. పంచాయతీ గదిలోకి వచ్చిన కేబుల్ బడి గదిలోకి రావాలి. బడి గదిలోకి వచ్చాక పిల్ల అడిగిన "ఎందుకు?"కు జవాబు రావాలి. ఈ మూడు మెట్లూ ఎక్కితేనే పని జరిగినట్టు.

లెక్క అడగవలసింది మనమే

ఈ డాక్టరు గారి విషయంలో మా కోరిక ఇదే. ఆయన తన వ్యాపారంలో ఏ సూత్రాన్ని నమ్మారో, దానినే ప్రభుత్వ ఖర్చుతో పేదవాడి బిడ్డకు కూడా అందించే దారి చూడాలి. తప్పు ఎందుకు తప్పో ఓపికగా చెప్పే పాఠాలు తెలుగులో, ఉర్దూలో, కోయ పిల్లలకు అర్థమయ్యే మాటలలో, చందా లేకుండా రావాలి. అది ఆయన ఒక్కరి చేతిలో ఉన్న పని కాదు, ఆయన శాఖ ఒక్కదాని పనీ కాదు. కానీ ఆ పని విలువ మంత్రివర్గంలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు అరుదు. తెలిసినవాడి మీద బాధ్యత తెలియనివాడికన్నా ఎక్కువ.

ఇక మన వంతు. మంత్రులను మెచ్చుకోవడం, తిట్టడం మన చాయ్ హోటళ్ళలో రోజూ జరిగేదే. దాని వల్ల ఒక్క టవరూ లేవదు. గ్రామసభ జరిగినప్పుడు వెళ్ళి, "మన పంచాయతీకి కేబుల్ వచ్చిందా? వస్తే పనిచేస్తోందా? బడికి ఇచ్చారా?" అని అడిగేవారు ఎందరు? రాతపూర్వకంగా అర్జీ పెట్టేవారు ఎందరు?

పిల్లల విషయానికి వస్తే, రాజ్‌రెడ్డి గారు ఛాన్సలర్‌గా పనిచేసిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో పల్లె పిల్లల కోసమే ఏర్పడింది. దాని బాసర ప్రాంగణంలో పదో తరగతి తరువాత ఆరేళ్ళు చదివి ఇంజనీరుగా బయటికి రావచ్చు. ప్రవేశానికి పదో తరగతి ఫలితమే ఆధారం, ప్రభుత్వ బడిలో చదివినవారికి కొంత అదనపు విలువ కలుపుతారు. రాష్ట్రంలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు కూడా నడుస్తున్నాయి. వీటి సంగతి తెలియక ఆడపిల్లను పదితో ఆపేసే ఇళ్ళు మన మధ్య ఇంకా ఉన్నాయి. ఆ అమ్మాయిని ఆపింది పేదరికం ఒక్కటే కాదు, సమాచారం అందకపోవడం కూడా.

ఇంట్లో చేయగలిగింది మరొకటి ఉంది. దానికి టవరూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. ఇషా నమాజు తరువాత పావుగంట పిల్లల దగ్గర కూర్చోండి. వారి నోటుపుస్తకంలో అడ్డగీత పడిన చోట వేలు పెట్టి, "బేటా, ఇది ఎందుకు తప్పయింది?" అని నెమ్మదిగా అడగండి. మీకు జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. అక్కను పిలవండి, పక్కింటి కాలేజీ పిల్లవాడిని పిలవండి. నలుగురూ కలిసి ఆలోచించండి. మీ ఇంట్లోనే తక్రార్ మొదలవుతుంది. బుర్రిపాలెం డాక్టరు గారి సంస్థ వందల డాలర్లకు అమ్మే వస్తువులోని అసలు సారం అదే.

ఇటీవల మేము కూడా ఒక పని మొదలుపెట్టాము. పిల్లల పుస్తకాలు దిద్దేటప్పుడు ఎర్ర గీత గీసిన ప్రతి చోటా పక్కనే ఒక్క వాక్యం రాస్తున్నాము. రోజుకు పది పుస్తకాల కన్నా సాగడం లేదు. కానీ టీవీ వినదని అన్న ఆ అమ్మాయి, ఇప్పుడు ఇంటర్మీడియట్ దాటిన ఆ అమ్మాయి, సాయంత్రాలు వచ్చి మిగతా పుస్తకాల మీద ఆ వాక్యాలు రాసిపెడుతోంది. మంత్రి గారి లెక్క ఢిల్లీలో తేలుతుంది. మన లెక్క మన వాకిట్లోనే తేలాలి.